గోడ మీది పిల్లలు

వీధిలో అందరూ ఆమెను పళ్లక్క అనే పిలుస్తారు. పిలిస్తే ఆమెకు వినపడదని అందరికీ తెలుసు. అయినా అలవాటు కొద్దీ గట్టిగా పిలిచి, నాలుక కరుచుకుని, అప్పుడు చెయ్యి ఊపుతారు. ఆమె పుట్టు చెవిటి. కట్టుడు పళ్లు చేయడం ఆమె పని. బస్సు డిపో వెనక సందులో, ఒక పాత మేడ కింది వాటాలో ఆ కార్ఖానా ఉంది. దంతవైద్యులు పంపిన నోటి అచ్చుల మీద మైనం పోసి, ఒక్కొక్క పన్నూ వరసలో నిలబెట్టి, చిగుళ్లు చెక్కి, సానపట్టి పంపిస్తారక్కడ. కిటికీ పక్క బల్ల ఆమెది.

ఆ పని నేర్పింది మేనమామ. ఆయనా పుట్టు చెవిటే. అయ్యో పాపం అనే సందు మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. వంకర అచ్చు పంపిన డాక్టరు దగ్గరికి తానే వెళ్లి, దాన్ని బల్ల మీద టప్పున పెట్టి, రెండు చేతులతో ఏకబిగిన తిట్టి వచ్చేవాడు. డాక్టరుకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తిట్లన్న సంగతి మాత్రం శుభ్రంగా అర్థమయ్యేది. చిన్నప్పటి నుంచీ ఆ మామ పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తూ పెరిగింది పళ్లక్క. పెద్దయితే తానూ ఇలాగే బల్ల ముందు కూర్చుంటుందని, ఇలాగే పోట్లాడుతుందని, ఇలాగే సాయంత్రం చేతులు కడుక్కుని ఇంటికి పోతుందని అనుకుంది. ఒక్క బట్టతల తప్ప అన్నీ అనుకున్నట్టే వచ్చాయి.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఆయనకు చెవులు బాగానే పనిచేస్తాయి, నోరు అంతకంటే బాగా పనిచేస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆయనకు చేతులతో మాట్లాడడం రాదు. భార్యతో పోట్లాడాలంటే తప్పదు కదా అని నేర్చుకున్నానని అందరికీ చెప్పుకుంటాడు.

ఆమె ఆ బడికి వెళ్లడం కూడా పళ్ల వల్లే జరిగింది. ఊరి చివర వినికిడి లేని పిల్లల బడి ఒకటి ఉంది. కింద తరగతులు, పైన హాస్టలు. ఆ బడి పెద్ద టీచరమ్మకు కింది కట్టుడు పళ్లు వదులై, పాఠం చెబుతుంటే ఊడి వస్తున్నాయి. ఓపిక నశించి ఒకనాడు నేరుగా కార్ఖానాకే వచ్చింది. ఆ పళ్లు చేసింది చెవిటి మనిషి అని తెలిసి, తన పని మరిచిపోయి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె పెదవులు నిదానంగా కదిపి మాట్లాడుతుంది, పళ్లక్కకు చాలావరకు అందుతాయి. అందనిది కాగితం మీద రాసింది. ఆఖరి తరగతి పిల్లలు ఇంకొన్ని నెలల్లో బయటికి వెళ్లిపోతారనీ, బయట ఎలా మసలుకోవాలో, పని ఎలా అడగాలో వాళ్లకు చెప్పే మనిషి కావాలనీ అడిగింది. తనకు పాఠాలు చెప్పడం చేతకాదని పళ్లక్క రాసి చూపించింది.

"పాఠాలు చెప్పడానికి మేమున్నాం కదమ్మా," అంది పెద్ద టీచరమ్మ. "మీరొచ్చి వాళ్ల ముందు కూర్చోండి, చాలు."

అలా శనివారం శనివారం వెళ్లడానికి ఒప్పుకుంది.

మొదటి శనివారం పిల్లలను నవ్విద్దామని సంచిలో పాత అచ్చులు, విరిగిన పళ్ల సెట్టు వేసుకుని వెళ్లింది. ఆ బడిలో టీచర్లందరూ వినగలిగినవాళ్లే. పిల్లలకు పెదవులు చూసి అర్థం చేసుకోవడం, నోటితో పలకడం నేర్పుతారు. బయటి ప్రపంచం నోటితోనే నడుస్తుంది కాబట్టి అదే పిల్లలకు ఆసరా అవుతుందని టీచర్ల నమ్మకం. చేతుల భాష పిల్లలు పైన హాస్టల్లో తమలో తాము మాట్లాడుకునేది. అందుకని పళ్లక్క చేతులు కదిలించగానే తరగతి మొత్తం ముందుకు వంగింది. ముందు పేర్లు చెప్పుకున్నారు. చేతుల భాషలో ప్రతివాళ్లకూ ముఖాన్ని బట్టో అలవాటును బట్టో ఒక పేరుంటుంది. ఆమెది ముందు పన్ను మీద గోటితో తట్టడం. వెనక బెంచీ పొడుగు కుర్రాడిది నెత్తి మీద నుంచి పైకి చెయ్యి ఎత్తడం. ముందు బెంచీ చివర కూర్చున్న అమ్మాయిది కణత దగ్గర వేలు గుండ్రంగా తిప్పడం. గిరజాలన్నమాట.

పొడుగోడు ఉండబట్టలేక అడిగాడు. "చేతులు ఎక్కడ నేర్చుకున్నావక్కా? మా టీచర్లకెవరికీ రావు."

"నేర్చుకోవడమేంట్రా? పుట్టినప్పటి నుంచీ ఇదే నా మాట. నాకూ మీలాగే వినపడదు."

తరగతి గొల్లుమంది. బలే జోకు వేసిందనుకున్నారు. ఒక పిల్ల లేచొచ్చి ఆమె జుట్టు పక్కకు తీసి చెవి వెనక మిషను ఉందేమోనని వెతికింది. ఇంకొకడు వెనక్కి వెళ్లి రేకు చెత్తడబ్బాను నేలకేసి కొట్టాడు. నేల అదిరి పాదాలకు తెలిసింది కాబట్టి ఆమె వెనక్కి తిరిగింది. వినపడింది, వినపడింది అని ఒకటే గోల. ఇలా కాదని ఆమె పొడుగోణ్ని వెనక నిలబెట్టి, గొంతు చించుకుని అరవమంది. వాడు అరిచిన అరుపుకు పక్క తరగతి టీచరు, పెద్ద టీచరమ్మ, వంటావిడ పరుగెత్తుకొచ్చారు. పళ్లక్క మాత్రం కదలకుండా, సంచిలోంచి అచ్చులు తీసి బల్ల మీద పేర్చుకుంటూ ఉంది.

అప్పుడు నమ్మారు. నమ్మాక నవ్వుతారనుకుంది. ఒక్కరూ నవ్వలేదు. చెవి వెనక వెతికిన పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది.

పొడుగోడు నెమ్మదిగా అడిగాడు. "మరి పెద్దదానివి ఎలా అయ్యావు?"

వాడు చెయ్యి తప్పు తిప్పాడేమో అనుకుంది. మళ్లీ చెప్పమంది. వాడు మళ్లీ అదే అడిగాడు. తలాతోకా అర్థంకాక ఆమె ఎదురు ప్రశ్న వేసింది. పెద్దయ్యాక మీకేమవుతుంది అని. తలా ఒక చెయ్యీ లేచింది. అందరూ చెప్పింది దాదాపు ఒకటే. పెద్దయితే వినపడుతుంది. అబ్బాయిలకు మీసాలు వచ్చినట్టు చెవులు వస్తాయి. అమ్మకు వినపడుతుంది, నాన్నకు వినపడుతుంది, టీచర్లకు, వాచ్‌మనుకు, వంటావిడకు అందరికీ వినపడుతుంది. పెద్దవాళ్లంటే వినపడేవాళ్లే కదా. వినపడని పెద్ద మనిషిని వాళ్లు తమ జన్మలో చూడలేదు. ఆమే మొదలు.

ఎదురుగా ఉన్నది పాలుతాగే పసివాళ్లు కాదు. లెక్కలు చేస్తారు, చరిత్ర చదువుతారు, పరీక్షలు రాస్తారు. గిరజాలు ఒక్కతే ఏమీ అనలేదు. కళ్లు చిన్నవి చేసి ఆమెను కాసేపు చూసి, తల తిప్పి తలుపులోంచి వరండా వైపు చూసింది.

ఇంటికి వెళ్లేసరికి మొగుడు డ్యూటీ దిగి వచ్చి ఉన్నాడు. చెప్పగానే పకపకా నవ్వాడు. ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశాడు. సోమవారం కార్ఖానాలో ఆమె దవడపన్ను ఉండాల్సిన చోట కోరపన్ను నిలబెట్టింది. యజమాని ఆ సెట్టును చూసి, ఇది మనిషికేనా అని సైగ చేశాడు.

తర్వాతి శనివారం పెద్ద టీచరమ్మకు సంగతి చెప్పింది. ఆమె మొదట నమ్మలేదు. నమ్మాక, అలా ఎవరు చెప్పారు వాళ్లకు అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదు," అని రాసింది పళ్లక్క. "ఎవరూ ఏమీ చెప్పకపోతే వాళ్లే అనుకున్నారు."

పెద్ద టీచరమ్మ నాన్చే మనిషి కాదు. అప్పటికప్పుడే తరగతిలోకి వెళ్లి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. మీకు పెద్దయ్యాక కూడా వినపడదు. చెవులు రావు. అయినా మీరు చదువుకోవచ్చు, పని చేయవచ్చు. మొదటి రెండు ముక్కలు చదివాక మూడోది ఎవరూ చదివినట్టు లేదు. ఒక పిల్ల బల్ల మీద తల వాల్చేసింది. పొడుగోడు ఆ పూట అన్నం ముట్టలేదు. పెద్ద టీచరమ్మ బయటికి వచ్చి కళ్లు తుడుచుకుంది. చేదైనా నిజం తెలియడమే మంచిది కదా అంది. పళ్లక్కా అవునంది.

ఆ తర్వాత శనివారాలు పనిలో పడ్డాయి. బస్సెక్కి దిగాల్సిన చోటు ఎలా అడగాలి, డాక్టరుకు నొప్పి ఎక్కడో ఎలా చూపాలి, నాకు వినపడదు రాసి చూపించండి అని సిగ్గుపడకుండా ఎలా చెప్పాలి, ఇవన్నీ నాటకాలు వేసి నేర్పించింది. అర్థం కాకపోయినా తల ఊపేసే అలవాటు ఒకటి ఉంది వాళ్లందరికీ. అది మాన్పించడానికి ఆమె తల ప్రాణం తోకకు వచ్చింది. కార్ఖానాకు తీసుకుపోతే పొడుగోడు పళ్ల సెట్టు చేత్తో పట్టుకుని పెద్ద టీచరమ్మను అనుకరించి అందర్నీ నవ్వించాడు. గిరజాలు అన్నీ చూసేది. ఏమీ అడిగేది కాదు. కాని ఆ పిల్ల మనసు మంచిదని బడంతా చెప్పుకున్నారు ఆ రోజుల్లో. తన ఊలు కోటు ఒక చిన్నపిల్లకు ఇచ్చేసింది. జామెట్రీ పెట్టె ఇంకొకరికి ఇచ్చింది. దువ్వెన, రిబ్బన్లు, రంగు పెన్సిళ్లు ఒక్కొక్కటీ పంచిపెట్టింది. పెద్ద టీచరమ్మ పొద్దున ప్రార్థనకు పిల్లలు బారులు తీరినప్పుడు అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. పళ్లక్కా కొట్టింది.

ప్రతి ఏడూ పరీక్షల ముందు ఆఖరి తరగతికి ఫొటో తీస్తారు. పెద్దది చేయించి, అద్దం కట్టించి వరండా గోడకు తగిలిస్తారు. ఎన్నో ఏళ్ల ఫొటోలున్నాయి ఆ గోడ మీద. ఆ రోజు మొగుడికి సెలవు. పిల్లలను చూద్దామని ఆయనా వెంట వచ్చాడు. పెరట్లో కుర్చీలు వేశారు, ఫొటోగ్రాఫరు మూడుకాళ్ల స్టాండు నిలబెట్టాడు. తీరా చూస్తే గిరజాలు లేదు. స్నానాల గదుల్లో చూశారు, వంటింట్లో చూశారు. పిలిస్తే వినిపించేది కాదు కాబట్టి వెతకడమే దారి. పళ్లక్క మేడెక్కి, పరుపులు పెట్టే గది తలుపు తోసింది. రెండు పరుపుల దొంతరల మధ్య మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని కూర్చుని ఉంది ఆ పిల్ల.

"ఇక్కడున్నావా? లే. జుట్టు దువ్వుతా, రా."

"రాను. ఫొటో వద్దు."

"ఎందుకే? పళ్లు బాగాలేవనా? కావాలంటే మంచివి చేసి పెడతాగా."

గిరజాలు నవ్వలేదు. కాసేపు తన చేతులవైపే చూసుకుంది. ఆ తర్వాత, కొత్త చోటికి వెళ్లేవాళ్లు దారి అడిగినట్టు అడిగింది.

"అక్కా, చచ్చిపోయేటప్పుడు నొప్పిగా ఉంటుందా?"

పళ్లక్క ఆమె పక్కన పరుపు మీద కూలబడింది. ఎవరు చచ్చిపోతున్నారని అడిగింది. నేనే అంది పిల్ల. మేమందరం అంది. నీకు తెలీదా అన్నట్టు చూసి, ఓపికగా చెప్పుకొచ్చింది. వాళ్ల తాత బతికున్నన్నాళ్లూ గోడ మీద ఆయన ఫొటో లేదు. ఒకరోజు వ్యాను వచ్చింది, తాతను ఎక్కించారు, అందరూ ఏడ్చారు, తాత మళ్లీ రాలేదు, గోడ మీదికి ఫొటో వచ్చింది. ఎవరూ ఆ పిల్లకు ఏమీ చెప్పలేదు. చూసి తెలుసుకుంది. ఇక్కడా అంతే. ఏటా పెద్దపిల్లలకు ఫొటో తీస్తారు. వ్యాను వస్తుంది. టీచర్లు ఏడుస్తారు. గోడ మీద ఫొటో ఉంటుంది, వాళ్లు మళ్లీ ఎప్పుడూ ఎక్కడా కనపడరు.

"మరి నన్ను చూస్తున్నావు కదే, నేనున్నాగా," అంది పళ్లక్క.

"నువ్వు ఈ బడిలో చదవలేదు. నీ ఫొటో గోడ మీద లేదు. నేను అంతా వెతికా."

"ఎప్పటి నుంచి అనుకుంటున్నావు ఇలా?"

"ముందు అనుకోలేదు. చెవులు వచ్చినవాళ్లు ఇంటికి పోతారు, రానివాళ్లు గోడ మీదికి పోతారనుకున్నా. నాకు వస్తాయనుకున్నా. మేడమ్ బోర్డు మీద రాశారుగా, ఎవరికీ రావని."

ఆ రాత రాయించింది పళ్లక్కే. ఊలు కోటు, జామెట్రీ పెట్టె, రిబ్బన్లు, వాటికి కొట్టిన చప్పట్లు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. పిల్లను దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. పట్టుకుంటే మాట్లాడడానికి చేతులు ఉండవు. వదిలితే పిల్ల ఒంటరిదవుతుంది. అలా ఎంతసేపు ఉండిపోయిందో ఆమెకు తెలియదు.

కింద పెద్ద టీచరమ్మ గదిలో గిరజాలును కుర్చీలో కూర్చోబెట్టి, పరుపుల గదిలో చెప్పిందే మళ్లీ చెప్పమన్నారు. పళ్లక్క మొగుడు పక్కన నిలబడి పిల్ల చేతుల్లోని మాటలను నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. తాత దాకా బాగానే చెప్పాడు. వ్యాను దాకా చెప్పాడు. అక్కడ ఆగిపోయాడు. బస్సు నిండా జనాన్ని గొంతుతో అదుపు చేసే మనిషి నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"ఆగారేంటి? ఏమంటోంది?" అంది పెద్ద టీచరమ్మ.

"బడి అయిపోగానే తను చచ్చిపోతానంటోంది మేడమ్," అన్నాడు. "మీరు బోర్డు మీద రాసినప్పటి నుంచి సిద్ధంగా ఉందట."

పెద్ద టీచరమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఇన్నేళ్లూ ఆ బడి నుంచి వెళ్లినవాళ్లలో ఎంతమంది ఇలాగే ఫొటోకు నిలబడి ఉంటారోనన్నది ఆ గదిలో పెద్దవాళ్లు ముగ్గురికీ ఒకేసారి తట్టింది. మిగతా పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి అడిగితే, గిరజాలు అంత తేటగా కాకపోయినా ఇంకొందరు అలాంటిదే అనుకుంటున్నారని తేలింది. ఒకడైతే, ఫొటోకు నవ్వితే తక్కువ నొప్పి ఉంటుందని కూడా నమ్ముతున్నాడు. పైన హాస్టల్లో పెద్దపిల్లల నుంచి చిన్నపిల్లలకు పాకిన మాట అది. ఫొటోగ్రాఫరును పంపించేశారు.

ఫోను చేస్తే పిల్ల తల్లి మధ్యాహ్నానికల్లా వచ్చింది. సబ్బుల కంపెనీలో ప్యాకింగు పని ఆవిడది. యూనిఫారంతోనే వచ్చింది, ఒంటి నిండా సబ్బు వాసన. జ్వరమేమో అనుకుంటూ వచ్చిన మనిషి, సంగతి విని కొయ్యబారిపోయింది. కాసేపటికి, పోయిన సెలవులకు ఇంటికి వచ్చినప్పటి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. గిన్నెలన్నీ తోమిందట. ఇల్లంతా సర్దిందట. తిరుగు బస్సెక్కేటప్పుడు తన చీర కొంగు పట్టుకుని వదల్లేదట.

"ఇంటి మీద బెంగనుకున్నాను," అంది. "నేను నవ్వుతూ చెయ్యూపాను దానికి."

తల్లీకూతుళ్ల మధ్య ఉన్నవి నాలుగు సైగలే. తిను, పడుకో, రా, వద్దు. వాటితోనే పెంచింది. అవి తన కూతురికి సరిపోతాయనుకుంది. ఇప్పుడు చెప్పాల్సిన మాట ఆ నాలుగింటిలో లేదు. డ్రైవరు చెబుతానన్నాడు. ఆవిడ వద్దంది.

"నాకు నేర్పండి. నేనే చెప్పాలి దానికి. బతుకుతావు అని ఎలా చెప్పాలి?"

పళ్లక్క నేర్పింది. సబ్బు పొడికి పగిలిన ఆ చేతులు రెండు మూడుసార్లు తప్పు తిరిగాయి. తర్వాత కుదిరింది. ఆవిడ కూతురి ముందు నేల మీద కూర్చుని, నువ్వు బతుకుతావు, నువ్వు బతుకుతావు అని చేతులతో అంటూనే ఉంది. గిరజాలు తల ఊపింది. కాని ఆ తల ఊపడం పళ్లక్క ఎరిగినదే. అర్థంకాకపోయినా, నమ్మకపోయినా ఊపే తల అది.

మాటలతో పని జరగదని ఆమెకు తోచింది. తనకు మాత్రం ఎవరు చెప్పారు, పెద్దదానివవుతావని? మామను చూసింది, అంతే. గోడ మీదివాళ్లను పిలిపించమని పెద్ద టీచరమ్మకు రాసి చూపించింది.

అనుకున్నంత తేలిక కాలేదు. పాత చిరునామాల్లో చాలామంది లేరు. డ్రైవరు తన తోటి డ్రైవర్లందరికీ చెప్పాడు. చేతులతో మాట్లాడుకునేవాళ్లు బస్సెక్కితే ఈ బడి పేరు చూపించమని. అలా ఒకరు దొరికితే వాళ్లు ఇంకొకరిని చెప్పారు. చివరికి ఒక ఆదివారం రమ్మన్నారు. పిల్లలకు ముందుగా విషయం చెప్పి, వరండాలో వరుసగా కూర్చోబెట్టారు.

గేటు తెరుచుకుంది. రొట్టెల బట్టీలో పనిచేసే లావుపాటి ఆయన, లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ చంకలో బిడ్డతో, బండ్ల నంబరు పలకలు రాసే ఆయన, ఏ పనీ దొరక్క ఏళ్లుగా ఇంట్లోనే ఉండిపోయిన ఒకావిడ, వాళ్ల వెనక ఇంకొందరు. లోపలికి వస్తూనే అందరూ చేతులతో ఒకరినొకరు పలకరించుకుంటూ, కౌగలించుకుంటూ, వరండా దగ్గరికి వచ్చారు. చిన్నపిల్లల్లో ఒకడు భయంతో చిన్న కేక పెట్టి బల్ల కిందికి దూరాడు. ముందుగా చెప్పినా అంతే, గోడ మీదివాళ్లు నడిచి వస్తుంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పొడుగోడు లేచి నిలబడి నోరు తెరిచి చూస్తున్నాడు.

గిరజాలు మాత్రం పని మొదలుపెట్టింది. లావుపాటి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కుపోయింది. ఫొటోలో ఒక సన్నటి కుర్రాడి మీద వేలు పెట్టి, ఆయన ముఖం చూసింది.

"ఇది నువ్వా?"

"నేనే. అప్పటికి పొట్ట రాలేదు."

ఆ పిల్ల ఆయన పొట్టను వేలితో ఒక్క పోటు పొడిచింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఇస్త్రీ ఆవిడను లాక్కొచ్చింది, తర్వాత ఇంకొకరిని. ఒక్కొక్కరి ముఖాన్నీ ఫొటోతో పోల్చి, చెయ్యి పట్టి చూసి, వదిలింది. బిడ్డను ఎత్తుకుని ఇది నీదేనా, నీ పొట్టలోంచి వచ్చిందా, దీనికి వినపడుతుందా అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. ఆ పిల్ల ఇన్ని ప్రశ్నలు అడగడం బడిలో ఎవరూ చూడలేదు.

చివరికి ఒక ఫొటో ముందు ఆగింది. నవ్వుతున్న ఒక అబ్బాయి ముఖం చూపించి, ఇతనేడి అంది. పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతని కోసం ఫోను చేసినప్పుడే పెద్ద టీచరమ్మకు తెలిసింది. కొన్నేళ్ల కిందట లారీ కింద పడి పోయాడు. బడికి ఎవరూ కబురు చెప్పలేదు. ఈ ఒక్క సంగతీ దాటేద్దామని ఆమె కళ్లతోనే వేడుకుంది. పళ్లక్క పిల్ల వైపు తిరిగింది.

"అతను చనిపోయాడమ్మా. లారీ గుద్దింది."

"వినపడక?"

ఏమని చెప్పాలి? కాదంటే పిల్ల తేలికపడుతుంది. అవునంటే మళ్లీ మొదటికి వస్తుంది.

"తెలీదు. నేనక్కడ లేను. వినపడేవాళ్లూ లారీల కింద పడతారు. వినపడకపోతే ఇంకా జాగ్రత్తగా చూసుకుని దాటాలి. రెండూ నిజమే."

గిరజాలు ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. ఒక్కడేనా అని అడిగింది. మాకు తెలిసి ఒక్కడే అంది పళ్లక్క. ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలి, బల్ల కింద దాక్కున్నవాణ్ని కాలు పట్టుకుని బయటికి లాగడానికి వెళ్లింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేదారిలో పళ్లక్క బస్సు కిటికీకి తల ఆనించి ఒకటే వణికింది. ఏమైందని మొగుడు అడిగాడు. ఏమీ కాలేదని, ఏదో అయిపోవాల్సింది ఏమీ కాకుండా తప్పిందని చెప్పింది.

ఫొటో తర్వాత తీశారు. గిరజాలు చివర నిలబడి, నవ్వమంటే నవ్వకుండా, ఫొటోగ్రాఫరు వైపు అనుమానంగా చూసింది. ఆ శనివారాల తరగతికి ఇప్పుడు పళ్లక్క ఒక్కతే కాదు, వారానికొకరు వస్తారు. పని దొరకని ఆవిడ కూడా వచ్చి, ఎందుకు దొరకలేదో చెబుతుంది. టీచర్లు పెద్ద టీచరమ్మతో సహా బల్లల మీద కూర్చుని చేతులు నేర్చుకుంటున్నారు. పెద్ద టీచరమ్మ వేళ్లు బిరుసు. ఆమె ఏదన్నా చెబితే పిల్లలకు ముందు నవ్వొస్తుంది, తర్వాత అర్థమవుతుంది.

గిరజాలుకు గాజు సీసాల కంపెనీలో పని దొరికింది. దీపం ముందు నుంచి వరసగా కదిలిపోయే సీసాల్లో బీటలున్నవి ఏరిపారేయడం. చేరిన కొన్నాళ్లకే కార్ఖానాకు వచ్చి పళ్లక్క బల్ల ముందు చతికిలపడింది. కాళ్లు లాగుతున్నాయంది. పక్కవాళ్లు తనను వదిలి కబుర్లు చెప్పుకుంటారంది. సూపర్‌వైజరు వెనక నుంచి అరుస్తాడు, ఎన్నిసార్లు చెప్పినా ముందుకు రాడు, తర్వాత మాట వినదని పేరు పెడతాడు.

"ఎదురుగా వచ్చి చెప్పమని అడగలేదా?"

"అడిగితే తీసేస్తాడేమో."

"రా, అడిగి చూద్దాం. నేనే సూపర్‌వైజర్ని."

పళ్లక్క లేచి, మైనం కత్తి చెవి మీద పెట్టుకుని, ఛాతీ విరుచుకుని, ఆ పిల్ల వెనక నిలబడింది. గిరజాలు గిర్రున తిరిగి చేతులతో చడామడా కడిగేసింది. నాకు వినపడదు, ముందుకు రా, నా భుజం తట్టు, నేను పని తప్పు చేశానా, చేస్తే చూపించు, చేయకపోతే నోరు మూసుకో. ఆ ఊపుకు పక్క బల్లవాళ్లు పని ఆపి చూశారు. ఆ ఆఖరి ముక్క మాత్రం వదిలెయ్యమని, మిగతాది కాగితం మీద కూడా రాసి దగ్గర పెట్టుకోమని పళ్లక్క సలహా చెప్పింది.

సోమవారం సూపర్‌వైజరు ముందు ఆ పిల్ల సగమే చెప్పగలిగింది. మిగతా సగం పై వారం చెప్పింది. అతను ఇప్పుడు భుజం తట్టి మాట్లాడతాడు, మొహం మాడ్చుకునే తడతాడు. ఆ కంపెనీలో ఆమె ఇంకా పనిచేస్తోంది. వచ్చే ఏడు పగటి షిఫ్టు అడగాలని, ఆ తర్వాతి ఏడు అమ్మను సబ్బుల కంపెనీ మాన్పించాలని అనుకుంటోంది.